6 లక్షల కిలోమీటర్లు తిరిగిన లారీ ఇంజిన్: ట్యూనింగా, మరమ్మతా?

సంక్షిప్తంగా: ఇంజిన్ పోగొట్టుకున్న బలాన్ని తిరిగి రాబట్టడం మరమ్మతు. దానికి ఎన్నడూ లేని బలాన్ని ఎక్కించడం మార్పు. చాలా దూరం తిరిగిన డీజిల్ లారీల విషయంలో ఈ రెండూ తరచూ కలగాపులగం అవుతున్నాయి. అరిగిన ఇంజిన్‌కు ఇంధనం పెంచితే కొన్ని నెలలు లాగుడు మెరుగైనట్టే కనిపిస్తుంది. అయితే అరుగుదల ఎక్కడుందో కొలవకుండా చేసిన మార్పు ఆ అరుగుదలనే వేగవంతం చేస్తుంది. లెక్క వేసి చూస్తే అదనపు శక్తి లారీకి ఉపయోగపడే సందర్భాలు కూడా తక్కువే. ఉద్గార పరికరాలను తప్పించే మార్పులు చట్ట విరుద్ధం.

విశాఖ రేవు నుంచి రాయ్‌పూర్ వైపు సరుకు మోసే లారీలకు సాలూరు దాటగానే ఘాటు (కొండ దారి) మొదలవుతుంది. కొత్తలో మూడో గేరులో ఎక్కిన బండి కొన్నేళ్ల తర్వాత అదే మలుపులో రెండో గేరు అడిగితే యజమానికి రెండు సలహాలు వినిపిస్తాయి. ఇంజిన్ దించి బోరు చేయించాలన్నది (అరిగిన సిలిండర్ గోడను తొలిపించాలన్నది) ఒకటి. ఇది తాతల కాలం నాటి సలహా. రెండోది సెన్సర్ బండ్లతో, అంటే ఇంధనాన్ని కంప్యూటర్ నియంత్రించే లారీలతో పాటు వచ్చింది: కంప్యూటర్ తగిలించి ట్యూనింగ్ చేయిస్తే ఒక పూటలో పని అయిపోతుంది, లాగుడూ పెరుగుతుంది, మైలేజీ కూడా వస్తుంది. మొదటిదానికి ఖర్చు లక్షల్లో ఉంటుంది, బండి రోజుల తరబడి షెడ్డులో నిలబడుతుంది, ఆ నెల కిస్తీ మాత్రం ఆగదు. రెండోదానికి ఖర్చు వేలల్లోనే. రెండో సలహా వైపు మొగ్గు ఎందుకు పెరుగుతోందో దీన్ని బట్టే తెలుస్తుంది. వారంటీ ఎప్పుడో అయిపోయింది కాబట్టి పోయేదేమీ లేదన్న భావన కూడా దీనికి తోడవుతోంది.

పంపు బండ్ల నుంచి సెన్సర్ బండ్ల దాకా

పాత లారీల్లో ఇంధనం ఎంత వెళ్లాలో నిర్ణయించేది ఇన్‌లైన్ పంపు. బాష్ కంపెనీ భారతదేశంలో 2008 దాకా మైకో పేరుతో ఉండేది కాబట్టి ఆటోనగర్లలో దాన్ని ఇప్పటికీ మైకో పంపు అనే పిలుస్తారు. ఆ పంపు సెట్టింగు మార్చి ఇంధనం పెంచడం కొత్త విద్య కాదు. నల్లపొగ చిమ్ముతూ ఘాటెక్కే లారీ ఒకప్పుడు దర్పానికి గుర్తు. ఆ పొగ నిజానికి కాలకుండా బయటికి పోతున్న డీజిలని ఆ రోజుల్లో లెక్క వేసినవారు తక్కువ.

వాహనాల పొగకు హద్దులు పెట్టే భారత్ స్టేజ్ (బీఎస్) ప్రమాణాలు కఠినమయ్యేకొద్దీ పరిస్థితి మారింది. దేశమంతటా బీఎస్-3 అమలు 2010లో మొదలైంది. 2017 ఏప్రిల్ 1న బీఎస్-4, 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 వచ్చాయి. భారీ వాహనాల ఇంజిన్లు ఒక్కో కిలోవాట్ గంటకు విడుదల చేయదగిన నైట్రోజన్ ఆక్సైడ్ల పరిమితి ఈ మూడు దశల్లో 5 గ్రాముల నుంచి 3.5కు, అక్కడి నుంచి 0.4కు పడిపోయింది. ఇంత తగ్గింపు పంపు స్క్రూలతో సాధ్యం కాదు. అందుకే చాలా లారీల్లో పంపు స్థానంలో కామన్ రైల్ (అన్ని ఇంజెక్టర్లకూ ఒకే గొట్టం నుంచి అధిక పీడనంతో డీజిల్ అందించే ఏర్పాటు), ఎలక్ట్రానిక్ నియంత్రణ, పొగను శుభ్రం చేసే యూరియా ద్రవం ట్యాంకు, మసి వడపోత వచ్చాయి. అందరూ ఒకే దారి పట్టలేదు. బీఎస్-4 దశలో టాటా లారీలు యూరియా పద్ధతికి వెళ్లగా, అశోక్ లేలాండ్ చాలా మోడళ్లలో పొగలో కొంత భాగాన్ని తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఐఈజీఆర్ అనే పద్ధతితో యూరియా అవసరం లేకుండా నెట్టుకొచ్చింది. ఒక బండికి పనికొచ్చిన సలహా పక్క బండికి పనికిరాకపోవడానికి ఇదొక కారణం.

ఇప్పుడు 6 లక్షల కిలోమీటర్ల దగ్గర ఉన్న లారీల్లో ఈ మూడు తరాలూ ఉన్నాయి. మూడింటికీ కలిపి ఒకే జవాబు చెప్పడం కుదరదు.

ఇంజిన్‌లో అరిగేది ఏమిటి

డీజిల్ ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్గు ఉండదు. గాలిని దాని అసలు ఘనపరిమాణంలో పదహారో వంతుకో పదిహేడో వంతుకో నొక్కితే అది 500 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. ఆ వేడికి డీజిల్ తనంతట తానే అంటుకుంటుంది. అంటే ఈ ఇంజిన్ ప్రాణమంతా గాలిని లీకు కాకుండా నొక్కి పట్టడంలోనే ఉంది. ఆ పని చేసేవి పిస్టన్ రింగులు, సిలిండర్ గోడ, వాల్వు సీట్లు.

సిలిండర్ అంతటా ఒకేలా అరగదు. పిస్టన్ పైకి వచ్చి దిక్కు మార్చుకునే చోట వేడి, పీడనం గరిష్ఠంగా ఉంటాయి, నూనె పొర పలుచబడుతుంది. అరుగుదల అక్కడే ఎక్కువ. మేస్త్రి హెడ్డు ఊడదీసి సిలిండర్ పైభాగంలో వేలితో తడిమి చూసేది ఆ గాడి కోసమే. అరుగుదల పెరిగితే మండిన వాయువులు రింగులను దాటి కిందికి దిగుతాయి. బ్రీదర్ గొట్టం నుంచి పొగ వస్తుంది. ఇంజిన్ ఆయిల్ తాగడం మొదలవుతుంది.

ట్యూనింగ్ గురించి మాట్లాడేటప్పుడు ఎక్కువగా మరిచిపోయే సంగతి ఒకటి ఇక్కడ ఉంది. రింగుల పని గాలిని ఆపడం ఒక్కటే కాదు. పిస్టన్‌కు తగిలిన వేడిలో పెద్ద భాగం రింగుల మీదుగానే సిలిండర్ గోడకు, అక్కడి నుంచి నీటికి చేరుతుంది. అల్యూమినియం 660 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మంట వేడి 2,000 డిగ్రీలు దాటుతుంది. అయినా అల్యూమినియం పిస్టన్ నిలబడుతోందంటే వేడి ఎప్పటికప్పుడు తరలిపోతూ ఉండడమే కారణం. రింగు అరిగినా, మసితో గాడిలో బిగుసుకున్నా ఆ దారి సన్నబడుతుంది. సరిగ్గా ఆ స్థితిలో ఇంధనం పెంచితే పోవాల్సిన వేడి పెరుగుతుంది, పోయే దారి మాత్రం కొత్తలో ఉన్నంత వెడల్పుగా ఉండదు. పిస్టన్ తల పగలడం, అంచు కరగడం వంటి నష్టాలకు మూలం చాలాసార్లు ఇదే.

రెండో బలహీనత డీజిల్‌ను సిలిండర్‌లోకి చిమ్మే ఇంజెక్టర్లలో ఉంటుంది. నాజిల్ రంధ్రాలు అరిగితే డీజిల్ పొగమంచులా చిమ్మే బదులు చుక్కలుగా కారుతుంది. ఆ చుక్కలు సిలిండర్ గోడపై నూనెను కడిగేస్తాయి, మిగిలినవి ఆయిల్‌లో కలిసి దాన్ని పలుచన చేస్తాయి. పలుచబడిన ఆయిల్ క్రాంక్ బేరింగులను కాపాడలేదు. కారే నాజిల్ మీద రైల్ పీడనం పెంచడమంటే చిల్లుపడిన గొట్టానికి పెద్ద మోటారు బిగించినట్టే.

ఓడోమీటర్ అంకె ఒక్కటే వీటిలో దేన్నీ చెప్పదు. జాతీయ రహదారి మీద సగటున గంటకు 40 కిలోమీటర్లు తిరిగిన పార్సిల్ లారీకి 6 లక్షల కిలోమీటర్లంటే 15,000 గంటల పని. చీమకుర్తి గ్రానైట్ క్వారీల చుట్టూ దుమ్ములో సగటున 20తో తిరిగిన బండికి అదే అంకె 30,000 గంటలు. క్వారీ బండి ఎయిర్ ఫిల్టర్‌ను ఏ మేరకు పట్టించుకున్నారన్నది ఇంకో లెక్క. ఫిల్టర్ దాటి లోపలికి వెళ్లిన ఇసుకరేణువు సిలిండర్ గోడకు ఆకురాయిలాంటిది.

‘బలం పెంచడం’లో జరిగేది

పద్ధతి ఏదైనా సూత్రం ఒకటే: ఒక్కో విడతకు వెళ్లే ఇంధనాన్ని పెంచడం. పంపు బండిలో పంపు సెట్టింగు మారుస్తారు, లేదా పెద్ద నాజిళ్లు వేస్తారు. సెన్సర్ బండిలో రెండు దారులున్నాయి. చౌకది చిన్న పెట్టె. అది రైల్ పీడనం చెప్పే సెన్సర్‌కు, ఇంజిన్ కంప్యూటర్‌కు మధ్య కూర్చుని, ఉన్న పీడనం కంటే తక్కువ ఉన్నట్టు అబద్ధం చెబుతుంది. కంప్యూటర్ నమ్మి పీడనం పెంచుతుంది. రెండోది రీమ్యాపింగ్. కంప్యూటర్‌లోని ఇంధన పట్టికలను, పొగ పరిమితిని, టార్క్ పరిమితిని నేరుగా తిరగరాస్తారు. దీన్ని చేసే చేతిని బట్టి ఫలితం ఉంటుంది. పెట్టెకైతే ఆ పాటి విచక్షణ కూడా ఉండదు. ఇంజిన్ చల్లగా ఉందా, మరిగిపోతోందా అన్నది దానికి అనవసరం.

ఇంధనానికి తగ్గ గాలి కావాలి. సిద్ధాంతం ప్రకారం కిలో డీజిల్ పూర్తిగా మండడానికి దాదాపు 14.5 కిలోల గాలి చాలు. డీజిల్ ఇంజిన్‌లో కలయిక అంత చక్కగా జరగదు కాబట్టి నిండు లోడులో కూడా 18 నుంచి 20 కిలోల గాలి లేకపోతే నల్లపొగ మొదలవుతుంది. అదనపు గాలి ఇవ్వాల్సింది టర్బో. 6 లక్షల కిలోమీటర్ల టర్బోలో షాఫ్టు ఆడుతుంటే, టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ గొట్టం చీలి ఉంటే, పోసిన ఇంధనం బలంగా మారదు. పొగగా, వేడిగా మారుతుంది.

పెరిగిన టార్క్ ఇంజిన్‌తో ఆగదు కూడా. క్లచ్ ప్లేటు, గేర్‌బాక్సు, ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసులు, వెనుక క్రౌన్ పినియన్ అన్నీ పాత టార్క్‌కే తయారైనవి, అవి కూడా ఇంజిన్‌తో సమానంగా అరిగినవి.

అదనపు శక్తి అక్కరకొచ్చేది ఎక్కడ

దీన్ని లెక్కతోనే చూడాలి. మూడు యాక్సిళ్ల పది చక్రాల లారీ గరిష్ఠ మొత్తం బరువు 2018లో 25 టన్నుల నుంచి 28.5 టన్నులకు పెరిగింది. ఆ బరువుతో చదునైన రోడ్డు మీద గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లడానికి టైర్ల నిరోధం, గాలి ఒత్తిడి కలిపితే ఇంజిన్ నుంచి కావాల్సింది సుమారు 75 హార్స్‌పవర్ మాత్రమే. 180 హార్స్‌పవర్ ఇంజిన్ ఉన్న లారీకి విజయవాడ నుంచి ఒంగోలు దాకా సగం శక్తి అవసరమే రాదు.

ఘాటులో లెక్క వేరు. వంద మీటర్లకు ఐదు మీటర్లు ఎక్కే వాలులో అదే లారీ, అదే 180 హార్స్‌పవర్‌తో గంటకు సుమారు 26 కిలోమీటర్లు వెళ్లగలదు. శక్తిని 20 శాతం పెంచితే 31 వెళుతుంది. పది కిలోమీటర్ల ఘాటు 23 నిమిషాలకు బదులు 19 నిమిషాల్లో పూర్తవుతుంది. మిగిలింది నాలుగు నిమిషాలు. లోడింగ్ దగ్గర కాటా వరుసలో పోయే సమయంతో పోలిస్తే ఇది ఎంతో యజమానులకే బాగా తెలుసు.

చదును రోడ్డు మీద వేగం పెంచుకుందామంటే దానికీ హద్దుంది. సరుకు లారీలకు వేగ నియంత్రకం గంటకు 80 కిలోమీటర్ల దగ్గర అడ్డుపడుతుంది. ఆ వేగానికి కూడా ఈ లారీకి 130 హార్స్‌పవర్ సరిపోతుంది. అసలు ఉద్దేశం అధిక లోడు మోయడమైతే సమస్య ఇంజిన్ దాటి పోయినట్టే. మోటారు వాహనాల చట్టం ప్రకారం అధిక లోడుకు జరిమానా ₹20,000, ఆపైన ప్రతి అదనపు టన్నుకు ₹2,000. ఘాటు ఎక్కించిన అధిక బరువును దింపాల్సింది బ్రేకులు. వాటిని ఏ ట్యూనింగ్ పెట్టె బలపరచదు.

ఇంకో విషయం చూడాలి. పది శాతం శక్తి పోగొట్టుకున్న లారీ ఘాటులో 26కు బదులు 23తోనే ఎక్కుతుంది. డ్రైవరు గమనించేది ఆ తేడానే. ఆ పోయిన పది శాతం తిరిగి వస్తే చాలు, బండి కొత్తదానిలా లాగుతోందంటాడు. ట్యూనింగ్ చేశాక వచ్చే సంతృప్తిలో అధిక భాగం మంచి సర్వీసింగ్‌తో వచ్చేదే.

మైలేజీ హామీలను ఎలా చూడాలి

బలం, మైలేజీ రెండూ పెరుగుతాయన్న హామీ వినసొంపుగా ఉంటుంది. మంచి స్థితిలో ఉన్న లారీ డీజిల్ ఇంజిన్ తన ఉత్తమ పని స్థితిలో ఇంధన శక్తిలో సుమారు 40 శాతాన్ని చక్రాల వైపు పంపే పనిగా మారుస్తుంది. ఆ ఇంజిన్ అదే పనికి 20 శాతం తక్కువ ఇంధనం తాగాలంటే సామర్థ్యం 50 శాతానికి చేరాలి. వాణిజ్య డీజిల్ ఇంజిన్‌లో 50 శాతం దాటామని చైనాకు చెందిన వైచాయ్ సంస్థ 2020లో ప్రకటించినప్పుడు అది ప్రపంచమంతటా వార్త అయింది. ఏళ్ల పరిశోధన తర్వాత వచ్చిన 50.26 శాతం అది. అదే దూరాన్ని ఆటోనగర్‌లో ఒక పెట్టె ఒక పూటలో దాటుతుందంటే నమ్మడం కష్టం.

అయితే అరిగిన బండిలో పొదుపుకు చోటు లేదని కాదు. నెలకు 10,000 కిలోమీటర్లు తిరిగే లారీ లీటరుకు 4 కిలోమీటర్లు ఇస్తుంటే 2,500 లీటర్లు తాగుతుంది. నాజిళ్లు, వాల్వు క్లియరెన్సు, ఎయిర్ ఫిల్టర్, టైర్ల గాలి, చక్రాల అలైన్‌మెంటు, పట్టేసిన బ్రేకు లైనర్లు సరిచేసి 4.2కు తెస్తే నెలకు దాదాపు 120 లీటర్లు మిగులుతాయి. లీటరు ₹95 అనుకుంటే ₹11,000 పైమాటే. ఏ చట్టాన్నీ దాటకుండా, ఇంజిన్‌కు ఏ భారమూ పెంచకుండా వచ్చే డబ్బు ఇది. కాకపోతే ఇందులో ఆకర్షణ ఏమీ లేదు, ఎవరూ దీన్ని వీడియో తీసి పెట్టరు.

అమెరికా పికప్ వీడియోలతో వచ్చే గందరగోళం

ట్యూనింగ్ మీద నమ్మకం పెరగడానికి అంతర్జాలంలో కనిపించే అమెరికా డీజిల్ పికప్ ట్రక్కుల ముచ్చట్లు కొంత కారణం. పోలిక పూర్తిగా గాలిలోది కాదు. కమిన్స్ బి-సిరీస్ 5.9 లీటర్ల ఇంజిన్ 1989 మోడల్‌తో డాడ్జ్ పికప్‌లోకి వచ్చినప్పుడు దాని శక్తి 160 హార్స్‌పవర్. 2000ల మధ్యకు వచ్చేసరికి అదే 5.9 లీటర్లు పికప్‌లో 325 హార్స్‌పవర్ ఇచ్చింది. జంషెడ్‌పూర్‌లో టాటా, కమిన్స్ ఉమ్మడిగా తయారు చేసిన ఇదే కుటుంబపు 5.9 లీటర్ల ఇంజిన్లు మన లారీల్లో చాలావరకు 180 హార్స్‌పవర్ దగ్గర ఉండిపోయాయి. అక్కడ 325 వచ్చినప్పుడు ఇక్కడ 220 ఎందుకు రాదన్న ప్రశ్న సహజమే.

జవాబు పని తీరులో ఉంది. మూడు నాలుగు టన్నుల పికప్ తన పూర్తి శక్తిని వాడేది సిగ్నల్ దాటేటప్పుడో, ముందు వాహనాన్ని దాటేటప్పుడో, అదీ కొన్ని క్షణాలు. వేడి పేరుకునేలోపే కాలు పెడల్ మీద నుంచి వచ్చేస్తుంది. 28 టన్నుల లారీ ఘాటులో 20 నిమిషాలు ఏకధాటిగా పెడల్ అడుగంటా తొక్కి ఉంచుతుంది. పిస్టన్, హెడ్డు, టర్బో, రేడియేటర్ అన్నీ గరిష్ఠ వేడికి చేరి అక్కడే నిలుస్తాయి. తయారీదారు ఒకే ఇంజిన్‌కు వేర్వేరు వాహనాల్లో వేర్వేరు శక్తి నిర్ణయించేది ఈ తేడాను చూసే. పైగా 325 హార్స్‌పవర్ ఇంజిన్‌లో పిస్టన్లు, ఇంజెక్టర్లు, టర్బో కూడా వేరు. కుటుంబం ఒకటే అయినంత మాత్రాన లోపలి భాగాలు ఒకటి కావు.

అమెరికాలో కూడా ఈ సరదాకు మరో ముఖం ఉంది. ఉద్గార నియంత్రణ పరికరాలు తొలగించిన డీజిల్ పికప్‌లు ఒక దశాబ్దంలో 5,50,000కు పైగా ఉన్నట్టు ఆ దేశ పర్యావరణ పరిరక్షణ సంస్థ 2020లో అంచనా వేసింది. అలాంటి పరికరాలు అమ్మిన సంస్థలపై భారీ జరిమానాలు పడ్డాయి.

యూరియా తప్పించే పెట్టె

బీఎస్-4, బీఎస్-6 లారీల్లో జరిగే మార్పుల్లో దీనిది ప్రత్యేక స్థానం, ఎందుకంటే ఇందులో బలంతో పని లేదు, నేరుగా ఖర్చు మిగులుతుంది. డ్రైవర్లు యూరియా అని పిలిచే ద్రవంలో 32.5 శాతం యూరియా, మిగతాది శుద్ధ జలం. డీజిల్ వాడకంలో సుమారు 5 శాతం మేర ఇది ఖర్చవుతుంది. నెలకు 2,500 లీటర్ల డీజిల్ తాగే లారీకి 125 లీటర్లు. లీటరు ₹60 అనుకున్నా ₹7,500. ట్యాంకు ఖాళీ అయినా, నాసిరకం ద్రవంతో నాజిల్ గడ్డకట్టినా కంప్యూటర్ ఇంజిన్ బలాన్ని తగ్గించేస్తుంది. నడిరోడ్డు మీద లోడుతో ఉన్న డ్రైవరుకు అది కోపం తెప్పించే విషయమే. తప్పించే పెట్టె అన్నీ సవ్యంగా ఉన్నాయన్న సంకేతాలు కంప్యూటర్‌కు అందిస్తూ ఉంటుంది, యూరియా మాత్రం ఖర్చు కాదు.

దీని వెనుక ఉన్న లోపం సాంకేతికమైనది. యూరియా పద్ధతి ఉందన్న భరోసాతోనే తయారీదారు ఆ ఇంజిన్‌లో దహనాన్ని వేడిగా, పొదుపుగా అమర్చుతాడు. అలా పుట్టే అదనపు నైట్రోజన్ ఆక్సైడ్లను సైలెన్సర్ వైపు యూరియా శుభ్రం చేస్తుంది. శుభ్రం చేసేదాన్ని ఆపేస్తే ఆ విషవాయువు మొత్తం బయటికే పోతుంది. పాత బీఎస్-3 బండి కంటే అది మెరుగుగా ఉంటుందన్న హామీ ఏదీ ఉండదు. కాలుష్య ధ్రువపత్రం కోసం డీజిల్ వాహనాలకు చేసే పరీక్షలో కొలిచేది పొగ చిక్కదనాన్ని. నైట్రోజన్ ఆక్సైడ్లు కంటికి కనపడవు, ఆ పరీక్షకూ దొరకవు. పెట్టె పెట్టిన బండి పరీక్షలో నెగ్గిందంటే బండి శుభ్రంగా ఉందని అర్థం కాదు.

బీఎస్-6 బండిలో అరిగిన ఇంజిన్ మరో చిక్కు తెస్తుంది. ఇంజిన్ ఆయిల్ తాగుతుంటే ఆ ఆయిల్‌లోని లోహ లవణాలు బూడిదై మసి వడపోతలో పేరుకుంటాయి. మసిని కాల్చి వదిలించుకోవచ్చు, బూడిద కాలదు. వడపోత మాటిమాటికీ మూసుకుపోతుంటే దాన్ని తీసేయమన్న సలహా వస్తుంది. అసలు తప్పు పైన రింగుల్లో ఉంటే కింద వడపోతకు శిక్ష పడుతుందన్నమాట.

చట్టం ఎక్కడ ఉంది

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా మారేలా వాహనంలో మార్పులు చేయకూడదు. 2019 జనవరిలో ఈ సెక్షన్‌ను వ్యాఖ్యానిస్తూ సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని గట్టిగా నిలబెట్టింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ అనుమతి లేని ఒక్కో మార్పుకు ₹5,000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ విధించే వీలు కల్పించింది. వాయు కాలుష్య ప్రమాణాలు ఉల్లంఘిస్తే 190వ సెక్షన్ కింద మొదటిసారికే ₹10,000 దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు ఉన్నాయి.

చట్టం మూసేయని దారులు కూడా ఉన్నాయి. ఆమోదం పొందిన కిట్‌తో సీఎన్‌జీ వంటి వేరే ఇంధనానికి మారడాన్ని 52వ సెక్షనే షరతులతో అనుమతిస్తోంది. ఇంజిన్ మార్చినప్పుడు ఆ సంగతిని 14 రోజుల్లోగా రవాణా శాఖకు తెలియజేసి రిజిస్ట్రేషన్ పత్రంలో నమోదు చేయించుకోవాలి. అరిగిన భాగాల స్థానంలో అదే రకం భాగాలు వేయడం మార్పు కిందికి రాదు. ప్రమాదం జరిగాక సర్వేయర్ బండిని విప్పి చూసినప్పుడు చెప్పని మార్పు బయటపడితే బీమా క్లెయిము చిక్కుల్లో పడవచ్చు. పాత లారీకి ఈ ముప్పు ఇంజిన్ ఖర్చు కంటే పెద్దది.

నిర్ణయానికి ముందు కొలవాల్సినవి

బండి లాగడం లేదన్న ఫిర్యాదుకు ఇంజిన్ అరుగుదల కంటే చౌక కారణాలు చాలా ఉన్నాయి. మూసుకుపోయిన డీజిల్ ఫిల్టర్, ఇంటర్‌కూలర్ గొట్టంలో చీలిక, జారుతున్న క్లచ్, పంపు బండిలో చివరిదాకా లాగని యాక్సిలరేటర్ కేబుల్. అన్నిటికంటే మోసకారి ఎగ్జాస్ట్ బ్రేకు బిళ్ల, అంటే బండి వేగం తగ్గించడానికి పొగ గొట్టాన్ని మూసే బిళ్ల. అది సగం మూసుకుని ఇరుక్కుంటే ఇంజిన్ ఊపిరి వదలలేదు. లక్షణాలన్నీ అరిగిన ఇంజిన్‌వే, మరమ్మతు మాత్రం గంట పని.

వాటిని తోసిపుచ్చాక కంప్రెషన్ పరీక్ష (ఒక్కో సిలిండర్ గాలిని ఎంత పీడనంతో నొక్కుతోందో కొలవడం) చేయాలి. ఆరు సిలిండర్ల సగటు కంటే వాటి మధ్య తేడా ముఖ్యం. ఐదు 25 బార్ దగ్గర ఉండి ఒకటి 18 చూపిస్తే అది ఇంజిన్ ముసలిదైనట్టు కాదు, ఆ ఒక్క సిలిండర్‌లో వాల్వో రింగో పాడైనట్టు. ఆరూ కలిసి దిగితే అరుగుదల మొత్తానిది. సెన్సర్ బండిలో ఇంజెక్టర్ల రిటర్న్ (వాటి నుంచి వెనక్కి వచ్చే డీజిల్) కొలిస్తే ఏది కారుతోందో తెలుస్తుంది. ఇంజిన్ బాగా వేడెక్కాక ఐడ్లింగ్‌లో ఆయిల్ పీడనం ఎంత ఉందో చూస్తే క్రాంక్ బేరింగుల సంగతి బయటపడుతుంది. ఆయిల్ నమూనాను ప్రయోగశాలకు పంపే అలవాటు మన లారీ యజమానుల్లో పెద్దగా లేదు. ఆయిల్‌లో ఇనుము, సిలికాన్, డీజిల్ ఎంత ఉన్నాయో ఆ పరీక్ష చెబుతుంది. పొగ రంగు ఉచిత పరీక్ష: నలుపైతే గాలి చాలడం లేదు లేదా ఇంధనం ఎక్కువైంది, నీలమైతే ఆయిల్ మండుతోంది, వేడెక్కాక కూడా తెల్లగా వస్తుంటే కాలని డీజిలో, సిలిండర్‌లోకి చేరిన నీరో.

ఈ కొలతలు బాగుంటే ఆ ఇంజిన్‌కు పెద్ద పనే అవసరం లేదు. బాగోకపోతే ట్యూనింగ్ ప్రశ్నే తలెత్తదు. రెంటి మధ్య మిగిలే సన్నని చోటులోనే మార్పు గురించి ఆలోచించే వీలుంది, అక్కడ కూడా ఘాటు మైళ్లు ఎన్ని అన్న లెక్క దాన్ని ఇంకా కుదిస్తుంది.

దించాల్సి వస్తే

ఇంజిన్ దించక తప్పని పరిస్థితిలో హాఫ్ ఇంజిన్ పనా, ఫుల్ ఇంజిన్ పనా అన్న ప్రశ్న వస్తుంది. పిస్టన్లు, రింగులు, వాల్వుల పనితో ఆగిపోతే ఖర్చు తగ్గుతుంది. ఆయిల్ పీడనం అప్పటికే తక్కువగా ఉంటే మాత్రం కొత్త రింగుల బిగువును పాత బేరింగులు ఎక్కువ కాలం భరించవు, ఆరు నెలల్లో మళ్లీ దించాల్సి రావచ్చు. బండిని బట్టి కూడా పని మారుతుంది. లైనర్లు (సిలిండర్ లోపల మార్చదగ్గ తొడుగులు) ఉన్న ఇంజిన్లలో లైనర్ మార్చితే సిలిండర్ కొత్తదవుతుంది. కమిన్స్ 5.9 వంటివాటికి లైనర్లు ఉండవు. బ్లాకునే బోరు చేసి పెద్ద సైజు పిస్టన్లు వేయాలి. బోరు చేయడానికి హద్దు ఉంటుంది కాబట్టి ఇంతకుముందు ఎన్నిసార్లు చేశారో తెలుసుకోవడం అవసరం. పాత బండి కొన్నవారికి ఆ చరిత్ర అమ్మినవారు చెప్పరు, పిస్టన్ తల మీద అచ్చేసిన సైజు అంకె చెబుతుంది.

ఖర్చును బండికి మిగిలిన ఆయుష్షుతో కలిపి చూడాలి. ఎనిమిదేళ్లు దాటిన రవాణా వాహనానికి ఏటా ఫిట్‌నెస్ పరీక్ష తప్పదు. 15 ఏళ్లు దాటిన భారీ వాహనాల ఫిట్‌నెస్ రుసుమును 2022 ఏప్రిల్ నుంచి కేంద్రం బాగా పెంచింది. పదేళ్లు దాటిన డీజిల్ వాహనాలకు ఢిల్లీలో ఆంక్షలు ఉన్నాయి కాబట్టి ఆజాద్‌పూర్ మండీకి మామిడి తీసుకెళ్లే లారీ యజమాని లెక్క, రాష్ట్రం దాటని ధాన్యం లారీ యజమాని లెక్క ఒకటి కావు. మూడేళ్లలో తుక్కుకు పోయే బీఎస్-3 బండికి ఫుల్ ఇంజిన్ పని చేయిస్తే ఆ పెట్టుబడి కిరాయిల్లో తిరిగి రావడం కష్టం. బాడీ, ఛాసిస్ గట్టిగా ఉన్న బీఎస్-4 బండికి అదే పని మరో కొత్త లారీ కిస్తీలను కొన్నేళ్లు వాయిదా వేస్తుంది.

ఇంజిన్ విప్పిన రోజున చేయించదగ్గ మెరుగుదలలు కొన్ని ఉన్నాయి, అవి బలాన్ని పెంచేవి కావు. రేడియేటర్ విప్పి గొట్టాలు కడిగించడం, ఇంటర్‌కూలర్‌కు గాలి పట్టి లీకు చూడడం, ఎయిర్ ఫిల్టర్ పెట్టె నుంచి టర్బో దాకా ఉన్న రబ్బరు గొట్టాలన్నీ మార్చడం, థర్మోస్టాట్ కొత్తది వేయడం. చాలా పాత లారీల్లో ఆ థర్మోస్టాట్‌ను ఇంజిన్ వేడెక్కుతోందన్న నెపంతో ఎవరో ఎప్పుడో తీసి పారేసి ఉంటారు. అది లేని ఇంజిన్ చలికాలం ఉదయాల్లో వేడెక్కడానికి ఎక్కువ సేపు తీసుకుంటుంది, చల్లని సిలిండర్‌లో కాలని డీజిల్ గోడల మీది నూనెను కడుగుతుంది, కొత్తగా వేసిన రింగులు అక్కడి నుంచే అరగడం మొదలుపెడతాయి.